మార్పిడి బేరం

మా కరీంనగర్‌లో మొదటి "వద్దు"కు అర్థం లేదు. రెండో "వద్దు"కు "కొంచెం వెయ్యి" అని అర్థం. మూడోసారి విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, "నీకు దండం పెడత అత్తా, ఇగ వద్దు" అంటే వడ్డించేవాళ్లు ఒక్క క్షణం ఆలోచిస్తారు. ఆలోచించి, వేళ్ల సందులోంచి వేస్తారు. ఈ వ్యాకరణం బళ్లో చెప్పరు. అన్నప్రాసన నాడే ఒంట్లోకి వెళ్లిపోతుంది.

ఈ వ్యాకరణంతోనే నేను వియన్నా వెళ్లాను.

2019 సెప్టెంబరు. ఇంజినీరింగు మూడో ఏడు. మా కాలేజీకీ అక్కడి ఒక యూనివర్సిటీకీ ఒప్పందం ఉంది. మనవాళ్లు ఒక సెమిస్టరు అక్కడ చదివి రావచ్చు, వాళ్లవాళ్లు ఇక్కడికి రావచ్చు. ఎక్స్చేంజ్ స్టూడెంట్ అంటారు. ఈ మాట బాపమ్మకు విడమరిచి చెప్పే పని నా మీద పడింది.

"మార్పిడి అన్నట్టు, బాపమ్మా."

మా బాపమ్మకు తెలిసిన మార్పిడి ఒక్కటే. పాత చీరలు మూటగట్టుకుని వాకిట్లో కూచుంటే స్టీలు సామాన్ల ఆమె గంపతో వస్తుంది. ఇన్ని చీరలకు ఒక గిన్నె, జరీ అంచు ఉంటే పైన మూత. ఆ బేరంలో బాపమ్మను ఓడించిన స్టీలు సామాన్ల ఆమె కరీంనగర్‌లో ఇంకా పుట్టలేదు.

"అయితే నిన్ను ఇచ్చి ఆడికెళ్లి ఎవర్ని తెచ్చుకుంటన్నం?"

ఈ ఏడు అక్కడినుంచి ఎవరూ రావడం లేదని చెప్పాను.

"గదేం బేరం రా? ఉత్తగ ఇచ్చుడేనా?"

బాపు వేరే లెక్కలో ఉన్నాడు. ఆయన ఉట్నూరు దిక్కు పదకొండేళ్లు టీచరుగా చేశాడు, నా చిన్నతనం సగం అక్కడే గడిచింది. ఇంట్లో అందరూ వియన్నా ఎక్కడుందా అని ఫోన్లో మ్యాపు చూస్తుంటే, "మార్లవాయి దొరది గదే ఊరు" అన్నాడు. ఆదిలాబాద్ జిల్లాలో కొన్నాళ్లున్నవాళ్లకు ఆ దొర ఎవరో చెప్పక్కర్లేదు. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, 1909లో వియన్నాలో పుట్టినవాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి జర్మనీ పాసుపోర్టుతో ఇండియాలో చిక్కుకుపోయాడు. ఇంగ్లీషువాళ్లు ఆయనను నిజాం రాజ్యం దాటి పోవద్దన్నారు. కొందరికి జైలు దొరికింది, ఆయనకు అడవి దొరికింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక గోండుల గోడు ఏమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం పంపితే, భార్య బెట్టీ ఎలిజబెత్‌తో వెళ్లి మార్లవాయిలో కాపురం పెట్టాడు. 1943లో అక్కడే గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద ఆయన పుస్తకం వచ్చింది.

"ఆయన ఈడికచ్చి అన్నేండ్లు బతికిండు. నువ్వు ఐదు నెలలు ఉండలేవా?" అన్నాడు బాపు. నా కళ్లలో నీళ్లు చూసి అన్న మాట అది. ఆ నీళ్లకు కారణం వియోగం కాదు, విమానంవాళ్లు ఇరవై మూడు కిలోలే తీసుకెళ్లనిస్తారు, బాపమ్మ పెట్టిన సకినాలు, మురుకులు, మామిడికాయ తొక్కు, ఎల్లిపాయ కారం కలిసి పదహారు కిలోలు తూగాయి. మిగిలిన ఏడు కిలోల్లో నా బట్టలు, నా చదువు సర్దుకోవాలి.

హాస్టల్లో నా గదికి ఒక ఆస్ట్రియా కుర్రాడు జోడీ. గస్టైన్ అనే కొండలోయ నుంచి వచ్చినవాడు, ఆరడుగుల పైన నాలుగు అంగుళాలు. ఆయన పేరు మా బాపమ్మ నోట ఇప్పటికీ పట్టలేదు గనుక నేనూ ఇక్కడ రాయను. మా ఇంట్లో ఆయన "పొడుగు పిలగాడు". మొదటి రాత్రి ఆయన వంటింట్లో ఆలుగడ్డలు, జున్ను కలిపి ఏదో వేయించాడు. ఇల్లంతా కమ్మటి వాసన. పళ్లెంలో వేసుకుంటూ "నీకు కావాలా?" అని అడిగాడు.

"వద్దు, వద్దు" అన్నాను.

"సరే" అని తినేశాడు.

నేను రెండో "వద్దు" సిద్ధం చేసుకుని గోడకానుకుని నిలబడ్డాను. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత. నాకు ఆకలయింది. మర్నాడు ఆదివారం, కూరగాయలు కొందామని బయలుదేరితే ఊళ్లో ఒక్క దుకాణం తెరిచి లేదు. ఆదివారం దుకాణాలు మూసి ఉంచాలని అక్కడ చట్టమే ఉంది. కర్ఫ్యూ పెట్టారేమో అనుకుని భయపడి వెనక్కి వచ్చాను. ఆ రోజు నన్ను బతికించింది సకినాలు.

తర్వాత ఎవరు కనిపించినా "మా గదికి రా, ఎప్పుడైనా సరే" అనడం మొదలుపెట్టాను. అందరూ సంతోషంగా తల ఊపేవాళ్లు, ఒక్కరూ వచ్చేవాళ్లు కారు. మనదగ్గర "అటు దిక్కు పోతుంటే మీ ఇంట్ల లైటు కనబడ్డది" అంటూ దిగిపోవడమే చుట్టరికం. వాళ్లకు "ఎప్పుడైనా" అనే తేదీ క్యాలెండర్‌లో లేదు. మూడు వారాల తర్వాతి గురువారం సాయంత్రం ఏడింటికి అని చెప్పు, ఏడు కొట్టేసరికి తలుపు దగ్గర ఉంటారు, చేతిలో ఒక వైన్ సీసా కూడా ఉంటుంది. ఏడింటికి అంటే ఏడింటికే వస్తారని తెలియక నేను అప్పుడే స్నానానికి పోయిన రోజు ఒకటుంది. దాని గురించి ఇంతకంటే చెప్పను.

బిల్లు సంగతి చెప్పాలి. కరీంనగర్ హోటల్లో నలుగురు దోస్తులు టీ తాగితే చివర్లో ఒక కుస్తీ ఉంటుంది. ఒకడు ఇంకొకడి చెయ్యి పట్టుకుంటాడు, జేబులో నోటు కుక్కుతాడు, "నా మీద ఒట్టు" అంటాడు. అందులో ముదురైనవాడు "చేతులు కడుక్కొస్తా" అని ముందే లేచి కౌంటరు దగ్గరికి పోతాడు. చేతులు కడుక్కొస్తానని లేచినవాడు నిజంగా చేతులు కడుక్కోవడానికి లేచినట్టు మా జిల్లా చరిత్రలో లేదు. వియన్నాలో వెయిటరు మనిషి మనిషినీ "కలిపా, విడివిడిగానా?" అని అడుగుతాడు. విడివిడిగా అంటే ఎంత ఓపిగ్గా లెక్క కడతాడో చూడాలి. నువ్వు తాగిన సోడా నీదే, దాని పాపం పుణ్యం నీవే. ఒకరోజు నేను చేతులు కడుక్కొస్తానని లేచి ఏడుగురి బిల్లూ కట్టేశాను. గెలిచిన మొహంతో వచ్చి కూచుంటే బల్ల చుట్టూ నిశ్శబ్దం. మర్నాడు ఆరుగురూ వాళ్ల వాళ్ల వాటా సెంట్లతో సహా తెచ్చి ఇచ్చారు. ఒకమ్మాయి మాత్రం నన్ను పక్కకు పిలిచి, "నీకు ఏమైనా సమస్యా?" అని అడిగింది.

ఇక బతుకమ్మ.

ఆ ఏడు ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబరు 28న, సద్దుల బతుకమ్మ అక్టోబరు 6న. ఊళ్లో తెలుగు పిల్లలం ఏడుగురం తేలాం. గుంటూరు, వైజాగ్, తిరుపతి, నిజామాబాద్, ఇలా తలా ఒక దిక్కు. గుంటూరమ్మాయి తీర్పు చెప్పేసింది: "కరీంనగర్ అబ్బాయి ఉన్నాడుగా, బతుకమ్మ ఆయన పేరుస్తాడు."

ఇక్కడ నా అర్హతలు చెప్పాలి. మా ఇంట్లో బతుకమ్మకు మగవాడి పని స్కూటరేసుకుని ఎల్గందుల దిక్కు పోయి తంగేడు కోసుకురావడం. పేర్చే గదిలోకి తల పెడితే "మొగపోరగానివి, నీకీడేం పని" అని తరిమేవాళ్లు. వంటింటి కిటికీలోంచి చూడడం తప్ప ఇరవయ్యేళ్లలో ఒక్క వరస పేర్చిన పాపాన పోలేదు. అయినా జిల్లా పరువు కాబట్టి "మూడు వరసలా, ఐదు వరసలా?" అని బింకంగా అడిగాను.

శనివారం సాయంత్రం ఆరూ పదికి పూల కోసం వెళ్లాం. శనివారం ఆరింటికే దుకాణాలు మూసేస్తారని అక్కడికి వెళ్లాక తెలిసింది. మర్నాడు సద్దులు, మర్నాడే ఆదివారం. పొడుగు పిలగాడిని అడిగితే కొంచెం ఆలోచించి, "ఆదివారం పూలు దొరికేది పెద్ద శ్మశానం గేటు దగ్గర. 71 నంబరు ట్రాము ఎక్కు" అని, ఎందుకో పడీపడీ నవ్వాడు. తర్వాత చెప్పాడు. వియన్నాలో ఎవరైనా పోతే "71 ఎక్కాడు" అంటారట. ఆ ట్రాము వెళ్లేది సెంట్రల్ సిమెట్రీకి. అప్పటికి ఊళ్లో బతికున్నవాళ్లు పంతొమ్మిది లక్షలైతే, అక్కడ పడుకున్నవాళ్లు ముప్పై లక్షల దాకా ఉంటారు. బీథోవెన్, షూబర్ట్, బ్రామ్స్ అందులోనే ఉన్నారు.

బతుకమ్మకు శ్మశానం గేటు దగ్గర పూలు కొన్న మొదటి కరీంనగర్‌వాణ్ని నేనే అయి ఉంటాను. అమ్మకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

కాని ఏం పూలు! నవంబరు ఒకటిన వాళ్లు తమ పెద్దల సమాధులకు పూలు పెడతారు, ఆ పండుగకు చామంతి వాళ్ల పువ్వు. అప్పటికే గేటు పక్క దుకాణాల్లో చామంతులు కుప్పలు పోసి ఉన్నాయి. పసుపు, తెలుపు, ఎరుపు. నేను ఆశగా చేతులతో చూపించి "ఇవన్నీ" అన్నాను. దుకాణం ఆవిడ గొంతు తగ్గించి, దగ్గరివాళ్లెవరైనానా అని అడిగింది. నాకొచ్చిన జర్మన్ అప్పటికి నాలుగు పాఠాలది. బతుకమ్మ అని ఎలా చెప్పాలి? బతుకు, అమ్మ. రెండు మాటలూ నాకు తెలుసు. సరే కదా అని ఉత్సాహంగా అనువాదం చేశాను.

"లేబె, ముట్టర్!"

శ్మశానం గేటు దగ్గర ఒక నల్లటి కుర్రాడు చేతినిండా చామంతులు పట్టుకుని "అమ్మా, బతుకు!" అంటే ఎవరి గుండె కరగదు? ఆవిడ కళ్లు తుడుచుకుంది. రెండు కట్టలు ఊరికే ఇచ్చింది. నేను వద్దన్నాను, మళ్లీ వద్దన్నాను, మూడోసారి కూడా అన్నాను. నా చేతుల్లో కుక్కి పంపింది. ఆ ఊళ్లో మూడో "వద్దు" దాకా నిలబడ్డ మొదటి మనిషి ఆవిడే.

ఆ దుకాణంలోనే ఇంకో వింత. కుండీల్లో వరసగా గునుగు! అచ్చం మనది కాదు, కొంచెం కుచ్చులు ఎక్కువ, గునుగుకు పట్నంలో స్థిరపడ్డ చెల్లెలనుకోండి. కుండీ నాలుగు యూరోలు, అప్పటి లెక్కలో మూడొందల పైమాట. మన చేన్లలో కలుపని పీకి గట్టున పడేసే మొక్కకు అక్కడ కుండీ, ఎరువు, ధర చీటీ. ఫోటో తీసి పంపితే బాపమ్మ వెంటనే ఫోను చేసింది. "మన చేన్ల గునుగు తీసుకపోయి అమ్ముకుంటే నీ ఫీజు ఎల్లిపోవు గదరా!"

తంగేడు దొరకలేదు. డాన్యూబు ఒడ్డున బంగారు రంగు కంకుల కలుపుమొక్క ఒకటి ఉంటుంది. ఎప్పుడో అమెరికా నుంచి వచ్చి పాతుకుపోయి స్థానిక మొక్కల్ని తొక్కేస్తోందని అక్కడి పర్యావరణంవాళ్ల బాధ. కాలం దాటినా ఇంకా కొన్ని కంకులు మిగిలి ఉన్నాయి. అవి కోసుకొచ్చాం. ఒకే దెబ్బకు బతుకమ్మ, పర్యావరణ సేవ.

సిబ్బి బదులు పిజ్జా డబ్బా. గుమ్మడాకు బదులు చెస్ట్‌నట్ ఆకు. అమ్మ వీడియో కాల్‌లో నిలబడి పేర్పిస్తోంది. "కుచ్చులు గట్టిగ కట్టు. మధ్యల నింపు. అరె, మధ్యల నింపురా, ఒట్టిగ వెట్టకు!" నేను మధ్యలో నింపింది నా జర్మన్ నోట్సు. అయినా ఐదో వరసకు బతుకమ్మ ఎల్గందుల దో మినార్‌లాగ ఊగడం మొదలుపెట్టింది. పైన పసుపు గౌరమ్మను నిలబెట్టి, నలుగురం నాలుగు దిక్కులా చేతులు అడ్డం పెట్టుకుని మెట్రో రైలెక్కాం. ఎదురు సీటు ముసలావిడ ఈ కేకు ఏ బేకరీలో చేయించారని అడిగింది. అక్కడ కుక్కలు కూడా మెట్రోలో ప్రయాణం చేస్తాయి, మూతికి చిక్కం కట్టాలి. అలా చిక్కం కట్టిన కుక్క ఒకటి మూడు స్టేషన్ల పాటు గౌరమ్మకు ప్రదక్షిణ చేసింది.

ఆల్టె డొనావు అని డాన్యూబుకు పాత పాయ ఒకటుంది, చెరువులా నిలిచి ఉంటుంది. ఒడ్డున బతుకమ్మను పెట్టి చుట్టూ తిరిగాం. పాట దగ్గర గండి పడింది. అందరికీ "ఉయ్యాలో" అనే మాట వచ్చు, దాని ముందు మాటలు ఎవరికీ రావు. వైజాగ్ అబ్బాయి తనకు తెలిసిన ఊళ్ల పేర్లన్నీ వరసగా పెట్టి చివర ఉయ్యాలో తగిలించాడు. రాజమండ్రి నుంచి తుని దాకా బాగానే నడిచింది.

నీళ్లలో వదిలి, మంచిదని దండం పెట్టుకుని కళ్లు తెరిచేసరికి రెండు హంసలు. సరస్వతీదేవి వాహనాలు కదా అని మళ్లీ దండం పెట్టాం. అవి తిన్నగా వచ్చి చామంతులు కొరికి, మా చపాతీ మలీద ముద్దలు మింగి, ఆఖరున గౌరమ్మను చూసి ముక్కు చిట్లించి వెళ్లిపోయాయి. "మంచిగ పోయి రావమ్మా అని పంపినవా?" అని రాత్రి అమ్మ అడిగింది. పంపానన్నాను. ఎటు పోయిందో చెప్పలేదు.

రెండు రోజులకు దసరా. జమ్మి లేదు. పాలపిట్ట బదులు పావురాన్ని చూశాను. కాని అక్టోబరులో ఆ ఊరి చెట్లన్నీ పసుపు రంగుకు తిరుగుతాయి, కింద పడ్డ ఆకులన్నీ బంగారమే. గుప్పెడు ఏరుకుని హాస్టలు వార్డెన్ ఆవిడ దగ్గరికి వెళ్లాను. అరవై దాటిన మనిషి, పెద్ద దిక్కు. చేతిలో ఆకులు పెట్టి "బంగారం" అన్నాను. వంగి కాళ్లకు దండం పెట్టబోయాను. నాదేదో కింద పడిపోయిందనుకుని ఆవిడా వెతకడానికి వంగింది. రెండు తలలూ ఠంగుమన్నాయి. ఆవిడ ఇచ్చిన మంచుముక్కల సంచీ నుదుటికి అద్దుకుంటూ కూచున్నదే ఆ ఏటి దసరా.

దీపావళికి చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. ఆ ఏడు అది అక్టోబరు 27 ఆదివారం. ఆ తెల్లవారుజామునే యూరప్‌లో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పారు. లక్ష్మీపూజ ముహూర్తానికి అమ్మ లెక్క, నా లెక్క కుదరక రెండుసార్లు దీపం పెట్టాను. లక్ష్మి ఒక్కసారీ రాలేదు.

నవంబరు నాటికి "వద్దు" మానేశాను. ఎవరేది అడిగినా మొదటి దెబ్బకే "కావాలి" అనడం సాధన చేశాను. అద్దం ముందు నిలబడి చేశాను. నోరు తిరిగేది కాదు. సిగ్గు విడిచి చెబుతున్నా, మొదటిసారి అలా అని తిన్న ఆపిల్ రొట్టె గొంతు దిగలేదు, దొంగతనం చేసినట్టు అనిపించింది.

డిసెంబరు మొదట్లో పొడుగు పిలగాడు వాళ్ల ఊరికి రమ్మన్నాడు. "క్రాంపుస్ వస్తాడు, భయపడతావా?" అన్నాడు. క్రాంపుస్ అంటే ఏమిటో తెలియదు కాబట్టి భయపడనని చెప్పాను. రైల్లో నాలుగు గంటల పైన ప్రయాణం, తర్వాత కొండలు, మోకాలి లోతు మంచు. గుమ్మంలో చెప్పులు విప్పించారు, అప్పుడే ప్రాణం లేచొచ్చింది. లోపల వాళ్ల నాయనమ్మ. వాళ్ల మాటలో ఓమా. నేను "కావాలి" అనేలోపే పళ్లెంలో మూడు ముద్దలు పడ్డాయి. తిన్నాను. మళ్లీ రెండు. నాకు తెలియకుండానే నోట్లోంచి పాత మాట వచ్చేసింది, "వద్దు". ఓమా వినిపించుకోలేదు, ఇంకోటి వేసింది. చెయ్యి అడ్డం పెట్టాను. చెయ్యి పక్కకు నెట్టి వేసింది.

ఆస్ట్రియాలో మా వ్యాకరణం లేదనుకున్నది నా తప్పు. అది కొండల్లో, నాయనమ్మల దగ్గర ఉంది.

డిసెంబరు ఐదు రాత్రి. వంటింట్లో అందరం బల్ల చుట్టూ కూచున్నాం. దూరంగా గంటలు. చిన్నపిల్లలు బల్ల కిందికి దూరారు. తలుపు ధన్‌మని తెరుచుకుంది. ముందు బిషప్ వేషంలో సెయింట్ నికొలస్, వెనక బుట్ట మోసేవాడు, దేవదూత. వాళ్ల వెనక క్రాంపుస్‌లు నలుగురో ఐదుగురో. చెక్కతో చెక్కిన ముఖాలు, కొమ్ములు, ఒళ్లంతా మేకతోళ్లు, నడుముకు కుండలంత గంటలు, చేతుల్లో బెత్తాలు. ఇంటింటికీ తిరుగుతారు, అల్లరి పిల్లల్ని బెదిరిస్తారు, నికొలస్ వాళ్లను శాంతపరిచి పిల్లలకు బుట్టలోంచి పండ్లు, గింజలు పంచుతాడు.

పిల్లలు కెవ్వుమంటున్నారు, పెద్దలు కూడా కుర్చీలు వెనక్కి జరుపుతున్నారు. నాకు మాత్రం ఉట్నూరు కళ్ల ముందుకొచ్చింది. దీపావళి ముందు గోండుల దండారి ఆట బయలుదేరితే గుస్సాడీలు అచ్చం ఇలాగే వచ్చేవాళ్లు. నెత్తిన నెమలి ఈకల కిరీటం, భుజాన తోలు, ఒళ్లంతా బూడిద, నడుముకు గజ్జెలు, చేతిలో కోల. దండారి జరిగినన్నాళ్లూ స్నానం చెయ్యరు, దేవుడు ఒంటి మీద ఉన్నాడని నియమం. ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి అతిథులుగా వెళతారు, ఆ ఊరివాళ్లు కాళ్లు కడిగి లోపలికి పిలిచి అన్నం పెడతారు, రాత్రంతా ఆట. తర్వాత ఆ ఊరు ఈ ఊరికి వస్తుంది. అదీ మార్పిడి అంటే. ఉత్తగ ఇచ్చుడు ఉండదు. గుస్సాడీ కోల తాకితే రోగం పోతుందని నమ్మకం, చిన్నప్పుడు జ్వరమొస్తే బాపు నన్ను ఎత్తుకుపోయి ముందు నిలబెట్టేవాడు.

అలవాటు ఎక్కడికి పోతుంది? అందరికంటే పెద్ద కొమ్ముల క్రాంపుస్ బెత్తం ఎత్తి నా మీదికి రాగానే లేచి నిలబడి, తల వంచి, రెండు చేతులూ జోడించి "రాం రాం" అన్నాను.

బెత్తం గాలిలో ఆగిపోయింది. గంటలు కూడా ఆగాయి. వందల ఏళ్లుగా జనం పారిపోతుంటే చూసినవాడు గాని, దండం పెట్టినవాణ్ని చూసి ఉండడు. కాసేపు కొమ్ములు అటూ ఇటూ తిప్పి నికొలస్ వైపు చూశాడు. నికొలస్‌కూ ఏం చెయ్యాలో తెలియలేదు. చివరికి క్రాంపుస్ బెత్తంతో నా భుజం మీద మెల్లగా తట్టి, చెక్క ముఖం లోపలినుంచి "గ్రూస్ గాట్" అన్నాడు. వాళ్ల నమస్కారం అది, దేవుడు నిన్ను పలకరించుగాక అని. అప్పటికి నాలుగు రోజులుగా ఉన్న జలుబు మర్నాటికి తగ్గింది. ఓమా ఆవిరి పట్టించడం వల్ల కూడా కావచ్చు.

క్రిస్మస్‌కు మళ్లీ అక్కడికే. ఈసారి ఉత్త చేతులతో పోకుండా మా ఊరి వెండి తీగపని భరిణె ఒకటి ఇచ్చాను. కరీంనగర్ ఫిలిగ్రీ, భౌగోళిక గుర్తింపు ఉన్న సొమ్ము. కుంకుమ పెట్టుకునేదని వివరించాను. ఓమా తిప్పి తిప్పి చూసి, మురిసిపోయి, అందులో బీపీ గోళీలు వేసుకుంది. నవ్వకండి. మా బాపమ్మ భరిణెలో ఉన్నవీ అవే.

వాళ్లకు అసలు పండుగ 24 రాత్రే. తాత గంట కొట్టాక చెట్టున్న గది తలుపు తెరుస్తారు. కానుకలు తెచ్చేది సాంతాక్లాజ్ కాదు, బాలయేసు. భోజనానికి చేప వేపుడు. తోలు చూసి గుర్తుపట్టాను, బంగారుతీగ! మానేరు డ్యాం దగ్గర మేం కొనుక్కునే చేపే. దాని పొలుసు ఒకటి పర్సులో దాచుకుంటే ఏడాదంతా డబ్బుకు లోటుండదని ఓమా నాకొకటి తుడిచి ఇచ్చింది. ఇంకా ఉంది పర్సులో. పొలుసు మాత్రమే ఉంది.

జనవరి చివర పరీక్షలు అయిపోయాయి. ఫిబ్రవరి అంతా వాళ్లకు సెలవులు. "మీ ఊరికి రావచ్చా?" అన్నాడు పొడుగు పిలగాడు. "ఎప్పుడైనా" అనబోయి, నాలుక కరుచుకుని, తేదీ, విమానం నంబరు చెప్పాను. ఇద్దరం కలిసే వచ్చాం.

వచ్చిన రెండో రోజు చిన్నమ్మ వాళ్లింటికి పోయాం. "తింటవా బిడ్డా?" అని అడిగింది చిన్నమ్మ. నెలల తరబడి సాధన కదా, వెంటనే "తింట" అన్నాను. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. సాయంత్రానికల్లా చుట్టాలందరికీ ఫోన్లు పోయాయి. "పోరనికి ఆడ తిండి వెట్టలేదట. అడుగంగనే తింట అన్నడు పాపం!" పక్కన పొడుగు పిలగాడు పద్ధతిగా "నో, థాంక్యూ" అన్నాడు. "ఎంత మంచి గుణముల పిలగాడు" అని చిన్నమ్మ ఆయన పళ్లెంలో నాలుగు సర్వపిండ్లు వేసింది. ఇంటి దగ్గర బాపమ్మది మరీ ఘోరం. చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వేసేది. ఆయన నాకేసి చూసిన చూపులో మొదటి రాత్రి ఆలుగడ్డల బాకీ మొత్తం తీరిపోయింది.

బాపు మమ్మల్ని మార్లవాయి తీసుకుపోయాడు. జన్నారం అడవి దాటి, ఉట్నూరు మీదుగా. బెట్టీ ఎలిజబెత్ 1987 జనవరి 11న పోతే అక్కడే సమాధి చేశారు, ఏటా ఆ రోజున ఊరంతా చేరి తలుచుకుంటారు. ఈ ఊరి గుస్సాడీ గురువు కనకరాజుకే మరుసటి ఏడు, 2021లో, పద్మశ్రీ వచ్చింది. ఒక పెద్దాయన "రాం రాం" అని పొడుగు పిలగాడిని ఎగాదిగా చూసి ఎక్కడినుంచి అని అడిగాడు. వియన్నా అనగానే, "అయితే హైమన్‌డార్ఫ్ సాబుకు ఏమైతవు?" అన్నాడు. ఏమీ కానని చెప్పినా నమ్మలేదు, చాయ్ తాగించి, చుట్టరికం దాచిపెడుతున్నాడని బాపుతో చెవిలో చెప్పాడు. పొడుగు పిలగాడు చాయ్‌కి ఒక్కసారి కూడా "నో" అనలేదు. అప్పటికి నేర్చుకున్నాడు.

ఫిబ్రవరి 5 నుంచి 8 దాకా మేడారం జాతర. నేను క్షేమంగా తిరిగొస్తే సమ్మక్కకు నిలువెత్తు బంగారం ఇస్తానని బాపమ్మ మొక్కుకుంది. మేడారం తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, కంగారు పడొద్దు, సమ్మక్క దగ్గర బంగారం అంటే బెల్లం. మా బజార్లో జాతరకు ముందు బెల్లం దుకాణాల ముందర పెద్ద తక్కెళ్లు వేలాడదీస్తారు, ఒక దిక్కు మనిషి, ఇంకో దిక్కు బెల్లం ముద్దలు. నేను ఎక్కాను. అరవై ఒకటి.

"ఆ పిలగాన్ని గూడ ఎక్కియ్యి" అంది బాపమ్మ.

"ఆయన మొక్కు కాదు కదా బాపమ్మా."

"ఎక్కియ్యిరా."

పొడుగు పిలగాడు తాళ్లు పట్టుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూచున్నాడు. బయలుదేరే ముందు ఇంట్లో చూసుకుంటే ఎనభై ఒకటి ఉన్నానని చెప్పాడు. సేటు బెల్లం వేస్తూనే ఉన్నాడు. ఎనభై నాలుగున్నర దగ్గర ముల్లు నిలబడింది. వచ్చి ఏడు రోజులైంది.

బాపమ్మ కొంగు ముడి విప్పి డబ్బులు తీస్తూ, ఒకసారి నన్ను, ఒకసారి ఆయన్ని చూసింది.

"అరవై ఒకటి ఇచ్చి ఎనభై నాలుగున్నర తెచ్చుకున్నం" అంది. "ఇగ బేరం కుదిరింది."